చేజేతులా చదును చేశాం

పొద్దుతిరుగుడు చేను పూతకు వచ్చినప్పుడు మన వ్యవసాయ శాస్త్రవేత్తలు రైతుకు ఒక సలహా చెబుతారు. ఉదయం తొమ్మిదింటికీ పదకొండింటికీ మధ్య, రోజు విడిచి రోజు, చేతికి మెత్తని గుడ్డ చుట్టుకుని ఒక్కో పువ్వునీ సుతారంగా రుద్దాలి. అలా చేస్తే పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేరి గింజ కడుతుంది, తాలు తగ్గుతుంది. సలహాలో తప్పేమీ లేదు. గింజ కట్టని చేను చూసి గుండె చెరువైన రైతుకు అదొక ఆసరా. కానీ ఆ గుడ్డ చేసే పని అసలు తేనెటీగలది. ఎకరాల కొద్దీ పూచిన చేను మీద చాలినన్ని ఈగలు వాలడం లేదంటే, అవి ఏమయ్యాయని ముందుగా అడగాల్సింది మనం. మనం అడగలేదు.

ఈ వ్యాసంలో ‘మనం’ అంటే ఎవరో ఇక్కడే చెప్పాలి. నేను రైతును బోనులో నిలబెట్టడానికి ఇది రాయడం లేదు. ఊళ్లో పుట్టి పట్నంలో స్థిరపడినవాళ్లం, వెంచరులో ప్లాటు కొని ప్రహరీ కట్టినవాళ్లం, అపార్టుమెంటు కమిటీల్లో కూర్చుని మొక్కల గురించి తీర్మానాలు చేసేవాళ్లం, మిద్దెతోటలు పెంచేవాళ్లం, ఆ తోటల గురించి పత్రికల్లో శీర్షికలు నడిపేవాళ్లం. చదువుకున్నవాళ్లం. తెలుసుకునే వీలు ఉండి కూడా తెలుసుకోనివాళ్లం.

పొద్దుతిరుగుడు పువ్వు వారం పది రోజులు మాత్రమే పుప్పొడినిస్తుంది. చేనంతా కలిపి చూసినా కొద్ది వారాలు. మిగిలిన ఏడాదంతా తేనెటీగ ఏం తిని బతకాలి? ఈ ప్రశ్నకు మన నేల ఎప్పుడో జవాబు ఏర్పాటు చేసి పెట్టింది. పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద, బండ్ల బాటల పక్కన, ఇళ్ల దొడ్లలో, బడి గోడల వారన, పొద్దుతిరుగుడుకు చుట్టాలైన చిన్న చిన్న పూలు ఒకటి పోయాక ఒకటి పూస్తూ ఉండేవి. వానలు పడగానే సహదేవి లేస్తుంది. సన్నని కాడ, చివర వంగపండు రంగు కుచ్చులు, వేలి గోరంత కూడా ఉండవు. కాలువ వారన, బావి దగ్గర, తడి ఆరని చోట గుంటగలగర తెల్లని బొత్తాముల్లాంటి పూలు పూస్తుంది. వరి కోసిన మడిలో చలికాలం నుంచి ఎండలు ముదిరే దాకా బోడసరం ఊదారంగు గుండ్రని పూలతో నేలనంటి పరుచుకుంటుంది. దాని ఆకు తగిలితే చేతికి వాసన అంటుకుంటుంది. ఏడాది పొడవునా, ఎక్కడ కాస్త మట్టి కనిపిస్తే అక్కడ, పొడుగాటి ఒంటి కాడ మీద తెల్లటి రెక్కలు, పసుపు బొడ్డుతో గడ్డిచామంతి. మన బళ్లలో పిల్లలు పలకలు తుడుచుకున్న ఆకు అది. మోకాలు చీరుకుపోతే పసరు పిండిన ఆకు కూడా అదే.

ఇవన్నీ చామంతి కుటుంబం. ముప్పై వేలకు పైగా జాతులున్న కుటుంబం. పూల మొక్కల్లో ఇంత పెద్ద కుటుంబాలు ఒకటి రెండు మించి లేవు. నిజాయితీగా చెప్పుకోవాలంటే ఇందులో అన్నీ మన నేల మీద పుట్టినవి కావు. గడ్డిచామంతి ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చింది. గుంటగలగర పుట్టిల్లు ఎక్కడన్న దాని మీద వృక్షశాస్త్రవేత్తల్లో వాదన ఉంది, కానీ భృంగరాజం పేరుతో మన వైద్య గ్రంథాల్లో అది శతాబ్దాల నాటి నుంచే ఉంది. సహదేవి, బోడసరం మాత్రం ఈ గడ్డ మీదివే. ఎక్కడి నుంచి వచ్చినా ఇక్కడి ఈగలకు, సీతాకోకచిలుకలకు అన్నం పెట్టిన పూలు ఇవి.

వీటి నిర్మాణం గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే మన తప్పు ఎంత లోతైనదో అక్కడే తెలుస్తుంది. తెలుగు మీడియంలో వృక్షశాస్త్రం చదివినవాళ్లకు శీర్షవద్విన్యాసం గుర్తుండే ఉంటుంది. మనం ఒక చామంతి అనుకునేది ఒక పువ్వు కాదు. పదుల నుంచి వందల చిన్న పూలు ఒకే పళ్లెం మీద కూర్చున్న గుంపు. అంచున రెక్కల్లా కనిపించేవి కొన్ని, నడుమ గొట్టాల్లా నిలబడ్డవి మిగతావి. నడుమ ఉన్నవి ఒక్కసారిగా విచ్చుకోవు. బయటి వరస ఇవాళ, దాని లోపలి వరస రేపు, ఇలా రోజుకు కొన్ని చొప్పున లోపలికి సాగుతాయి. ప్రతి చిన్న పువ్వూ ముందు పుప్పొడిని బయటికి నెట్టి, ఆ తర్వాతే కీలాగ్రాన్ని విప్పుతుంది, తన పుప్పొడి తనకే అంటకుండా. అందుకే ఈగకు ఇది ఇష్టమైన చోటు. ఒక్కచోట వాలి, కాలు కదపకుండా పది గొట్టాల్లో తేనె తాగవచ్చు. రేపు వస్తే కొత్త వరస సిద్ధంగా ఉంటుంది. పైగా గొట్టాలు చిన్నవి కాబట్టి పొడవైన నాలుక లేని చిన్న చిన్న ఈగలకూ తేనె అందుతుంది. ప్రపంచంలో తెలిసిన తేనెటీగ జాతులు ఇరవై వేలకు పైగా ఉంటే, వాటిలో ఎక్కువ భాగం తుట్టె కట్టేవి కావు. ఒంటరిగా మట్టిలోనో, ఎండు పుల్లలోనో గూడు పెట్టుకునేవి. బియ్యపు గింజంత ఉండే ఆ ఈగలను మనం దోమలని తోలేస్తాం. సహదేవి, గడ్డిచామంతి వాటి బతుకుదెరువు.

మనం ఏం చేశాం? నర్సరీకి వెళ్లి ముద్దబంతి తెచ్చుకున్నాం. కడియం నుంచి లారీల్లో వచ్చే ఆ మొక్కలు చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ ముద్దగా ఉండటం అంటే ఏమిటో ఆలోచించలేదు. నడుమ ఉండాల్సిన గొట్టం పూలు చాలావరకు రెక్కల పూలుగా మారిపోతేనే పువ్వు ముద్దగా అవుతుంది. పుప్పొడి, తేనె ఉండే చోటును రంగు ఆక్రమించింది. ఈగ వచ్చి, వెతికి, దొరక్క వెళ్లిపోతుంది. కుండీలన్నీ అలాంటి పూలతో నింపి, మా తోటలో సీతాకోకచిలుకలు రావడం లేదండీ అని ఒకరికొకరం చెప్పుకున్నాం. మిద్దెల మీద గుమ్మడి, దోస పిందె కట్టకపోతే మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు అద్దడం నేర్చుకున్నాం. ఆ విద్యను ఎంతో శ్రద్ధగా ఒకరికొకరం నేర్పుకున్నాం. పక్క కుండీలో తనంతట తాను మొలిచిన గడ్డిచామంతిని మాత్రం వేళ్లతో సహా పీకేశాం. పువ్వు పక్కన పువ్వు ఉంటేనే ఈగ వస్తుందన్న చిన్న సంగతి పత్రికల్లో మొక్కల గురించి రాసే మేము గట్టిగా చెప్పలేదు. మా శీర్షికల్లో కలుపు ఎలా తీయాలో రాశాం, ఏ మందు కొట్టాలో రాశాం. ఏది ఉంచాలో రాయడం మరిచాం. ఈ లోపం ఏ ఒక్కరిదో కాదు, తరం మొత్తానిది.

తర్వాత పచ్చిక. ఎండాకాలంలో మనిషికే నీళ్లకు కటకటగా ఉండే ఊళ్లలో, ట్యాంకర్లు తెప్పించుకునే అపార్టుమెంట్లలో, చాపలా తెచ్చి పరిచే గడ్డిని పెంచాం. దాన్ని పూత రాకుండా కత్తిరిస్తాం కాబట్టి ఈగకు అందులో ఒక్క చుక్క తేనె లేదు. పచ్చిక వేయని చోట సిమెంటు పోశాం, టైల్స్ వేశాం. నేలలో గూడు పెట్టుకునే ఈగకు కావలసింది జానెడు వట్టి మట్టి, కాస్త ఎండ. ఆ జానెడు కూడా మిగల్చలేదు. బురద అంటకూడదు, పాములు రాకూడదు, చూడ్డానికి శుభ్రంగా ఉండాలి. ఈ శుభ్రత మీద మోజుతోనే ఊరి దొడ్లూ పోయాయి, పట్నం ఖాళీ స్థలాలూ పోయాయి. రోడ్డు నడుమ డివైడర్లలో కోనోకార్పస్ వరసలు నాటాం. తర్వాత తెలంగాణ ప్రభుత్వమే దాన్ని నాటవద్దని చెప్పాల్సి వచ్చింది.

తేనెపట్టుల సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. కొండల్లో, పెద్ద చెట్ల మీద తుట్టెలు కట్టే పెద్ద తేనెటీగ చెట్లు దొరక్క అపార్టుమెంట్ల బాల్కనీల కింద, నీళ్ల ట్యాంకుల కింద తుట్టె పెడుతుంది. అది రుతువును బట్టి తిరిగే జాతి. పూత తగ్గాక తనే లేచి వెళ్లిపోతుంది. కొన్ని నెలలు కిటికీ మూసుకుంటే సరిపోయే చోట కూడా మనం కమిటీలో మాట్లాడుకుని, మనుషులను పిలిపించి, రాత్రి పూట మందు కొట్టించాం. పొద్దున్నే కింద కుప్పలుగా పడి ఉన్నవాటిని ఊడిపించాం. పిల్లలున్న ఇల్లు, కుట్టే ప్రమాదం ఉంది, భయం సహజం. కాదనడం లేదు. కానీ తుట్టెను ప్రాణాలతో తరలించగలిగినవాళ్లు ఉన్నారేమోనని వాకబు చేసిన కమిటీలు ఎన్ని?

అన్నీ మన తప్పులే అనడం కూడా సరికాదు. 1991-92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పెట్టెల్లో పెంచే మన తేనెటీగలను ఊడ్చిపెట్టింది. అది మనం తెచ్చిన ఉపద్రవం కాదు. కానీ జబ్బు నుంచి తేరుకునే ప్రాణికి తిండి కావాలి. ఆ తిండిని అప్పటి నుంచి మనం ఏటేటా తగ్గిస్తూ వచ్చాం.

గడ్డిమందు విషయానికి వస్తే, కూలీలు దొరకని రోజుల్లో రైతు దాన్ని ఆశ్రయించాడు. ఆ కష్టం తెలియనివాళ్లకు తీర్పు చెప్పే హక్కు లేదు. కానీ గట్ల మీద, కాలువ వారల్లో, రోడ్ల పక్క, పంట లేని చోట్లలో కూడా అది పారింది. అక్కడ చంపింది ఎవరి పంటకూ అడ్డురాని పూలను. 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు గ్లైఫోసేట్ అనే గడ్డిమందు అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని చెప్పింది. టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లోనే ఆ మందు తేనెటీగ పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తుందని చూపించారు. చట్టం వచ్చింది, శాస్త్రం చెప్పింది. మన ఇళ్ల పక్కన ఖాళీ ప్లాట్లు మాత్రం వానాకాలం దాటేసరికి మాడిన గడ్డితో ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి.

ఇలా మాడ్చిన నేల మీద ముందుగా ఎవరు లేస్తారో ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. వయ్యారిభామ. ఇది కూడా చామంతి కుటుంబమే. 1950ల నడుమ పూణె దగ్గర కనిపించి, అక్కడి నుంచి దేశమంతా పాకింది. దుక్కి చేసి వదిలేసిన చోట, మందు కొట్టి బోడి చేసిన చోట, రోడ్డు వేస్తూ తవ్వి పోసిన మట్టి మీద దానికి పోటీ ఉండదు. చర్మం మీద దద్దులు, తుమ్ములు, ఆయాసం. దాన్ని పూత రాక ముందే పీకేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే దాని మీద కోపంతో మనం గడ్డిచామంతినీ, సహదేవినీ, తుమ్మినీ కలిపి తుడిచేశాం. తుడిచిన చోట మళ్లీ వయ్యారిభామే వచ్చింది. 1983లో మెక్సికో నుంచి దాన్ని తినే పెంకు పురుగును తెప్పించి మరుసటి ఏడాది బెంగళూరు పరిసరాల్లో వదిలారు. పురుగు తన పని తాను కొంత చేసింది. మన పని, అంటే నేలను ఖాళీగా వదలకుండా మంచి మొక్కలతో కప్పి ఉంచడం, మనం చేయలేదు.

దాని ఫలితం రైతే అనుభవించాడు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ కాండం కుళ్లు తెగులుతో దెబ్బతింది. దానికి కారణమైన వైరస్ వయ్యారిభామలో పైకి ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది. ఆ మొక్క పుప్పొడితో పాటు తామర పురుగుల మీద చేలోకి వస్తుంది. అదే వైరస్ పొద్దుతిరుగుడులోనూ తెగులై, 1990ల చివరి నుంచి కర్ణాటకలో, మన దగ్గర ఆ పంటను దెబ్బ తీసింది. దేశంలో 1990ల తొలి ఏళ్లలో ఇరవై లక్షల హెక్టార్లు దాటిన పొద్దుతిరుగుడు ఇవాళ అందులో చిన్న ముక్క మిగిలింది. ధరలు, దిగుమతులు, విత్తనం, తెగులు, గింజ కట్టకపోవడం, అన్నీ కలిసి చేసిన పని ఇది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు మన వంటింట్లో నూనె ధర ఎందుకు ఎగబాకిందో అందరం మాట్లాడుకున్నాం. గట్టు మీద పోయిన పువ్వుకూ ఆ ధరకూ ఏదో ఒక మూల సంబంధం ఉందని ఎవరం అనుకోలేదు.

మనకు తెలియదు అనడానికి కూడా వీల్లేదు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే సి. సుబ్బారెడ్డి, ఎ.జె. సాలమన్ రాజు వంటి శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లో ఏ పువ్వుకు ఏ ఈగ వస్తుంది, ఏ వేళకు వస్తుంది, ఏం తీసుకుని వెళ్తుంది అన్న దాని మీద దశాబ్దాల పాటు పనిచేశారు. ఆ పరిశోధన ఇంగ్లీషు పత్రికల్లో ఉండిపోయింది. దాన్ని తెలుగులోకి, బడి పుస్తకంలోకి, ఆదివారం అనుబంధంలోకి తెచ్చే పని మనది. అరకు లోయలో వలిసె పూలు విరగబూసినప్పుడు కార్లు వేసుకుని వెళ్లి పసుపు మడుల మధ్య నిలబడి ఫొటోలు దిగాం. వలిసె కూడా ఈ చామంతి కుటుంబమే, ఈగ వాలకపోతే గింజ కట్టని పంట. పక్కనే తేనెపెట్టెలున్నా వాటి వైపు చూసినవాళ్లం తక్కువ. చేలు తొక్కిన కాళ్లు మాత్రం చాలా.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళల దగ్గరికి వెళ్తే వేరే లోకం. 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకున్న సంస్థ అది. ఆ దళిత రైతమ్మలు చేలో విత్తకుండా మొలిచే ఆకుల్లో ఏది పప్పులో వేయాలో, ఏది పసికందున్న తల్లికి పెట్టాలో, ఏది పశువుకు వేయాలో పేరు పేరునా చెబుతారు. కలగలిపి విత్తిన వాళ్ల చేలలో పంటలు ఒకేసారి పూయవు, ఒకేసారి ముగియవు. ఈగకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. చదువుకున్న మనం ఆ జ్ఞానాన్ని పేదరికపు గుర్తుగా చూశాం. గట్టు మీది ఆకు తెంపుకుని తినేవాళ్లను జాలిగా చూశాం. మన అమ్మమ్మలు గుంటగలగరాకు పసరులో గుడ్డ తడిపి, ఆరబెట్టి, వత్తి చేసి వెలిగించి కాటుక పట్టేవాళ్లు. ఆ ఆకు కోసం దొడ్లో తడి మూలను అలాగే వదిలేసేవాళ్లు. ఆ మూలలో ఈగలు తిరిగేవి. మనకు కాటుక డబ్బాలో వచ్చింది, జుట్టుకు నూనె సీసాలో భృంగరాజం పేరుతో వచ్చింది. మూలను సిమెంటు చేసేశాం.

బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు ఊరి చుట్టూ దొరికిన రోజుల్లో, ఆ పువ్వుల కోసం వెళ్లిన పిల్లలకు చెలకలు, గుట్టలు తెలిసేవి. తంగేడు పుప్పొడి మూసి ఉన్న గొట్టాల్లో ఉంటుంది. పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లంతా కంపింపజేస్తేనే బయటికి రాలుతుంది. ఆ ఝుంకారం పువ్వు కోయడానికి వెళ్లిన పిల్లలు విన్నారు. ఇప్పుడు పట్నాల్లో గునుగు, తంగేడు బజారులో కట్టల లెక్కన కొంటున్నాం. పండుగ మిగిలింది, మంచిదే. ఆ పువ్వు ఎక్కడ నిలబడి పూస్తుందో తెలియని పిల్లలను పెంచాం, అది మన మీద పడే నింద.

ఇంత చేసినా దీన్ని సరిదిద్దడానికి కావలసింది చాలా తక్కువ. అందుకే బాధ ఎక్కువ. సహదేవికి ఎరువు అక్కర్లేదు, రోజూ నీళ్లు అక్కర్లేదు. ఒకసారి మొలిస్తే దూదిలాంటి కుచ్చుతో గింజ తనే ఎగిరి తన చోటు తను చూసుకుంటుంది. వంటింటి నీళ్లు పారే చోట గుంటగలగర దానంతట అది నిలుస్తుంది. బోడసరానికి వాన నిలిచి మెల్లగా ఆరే నేల చాలు. గడ్డిచామంతిని ఏమీ చేయనవసరం లేదు, పీకకపోతే చాలు. ప్రహరీ వెంట రెండు మూరల పట్టీ, దానిలో కొంత వట్టి మట్టి, నాలుగు ఎండు పుల్లలు, పూత ఉన్నన్నాళ్లు కత్తెర ఆపడం. వయ్యారిభామ కనిపిస్తే చేతికి తొడుగు వేసుకుని పూతకు ముందే తీసేయడం. ఒక అపార్టుమెంటు పచ్చిక మీద నెలనెలా పెట్టే ఖర్చులో పిసరంత కూడా కాదు ఇది. మనం చేయకపోవడానికి డబ్బు, తీరిక, చోటు ఏవీ అడ్డు కాలేదు. చూసినవాళ్లు ఏమనుకుంటారో అన్న బెరుకు అడ్డొచ్చింది. గోడ పక్కన గడ్డి మొలిస్తే ఇంటివాళ్లు బద్ధకస్తులని అనుకుంటారన్న బెరుకు.

ఈ మొక్కలు నర్సరీల్లో సాధారణంగా దొరకవు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ పెంచలేదు. అడగడం మొదలుపెట్టాలి, ఈలోగా గింజ మనమే ఏరుకోవాలి. ఎండలు ముదిరే నాటికి బోడసరం పువ్వు ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది, నలిపితే గింజ వస్తుంది. సహదేవిని కుచ్చు తెల్లబడిన రోజునే పట్టుకోవాలి, మర్నాటికి గాలిలో ఉంటుంది. రైలు పట్టాల వెంట, పాత శ్మశానాల్లో, ఊరి గుడి వెనక, పూడిక తీయని చెరువుల వారన ఇంకా మిగిలి ఉన్నాయి. వచ్చే జూన్‌లో తొలకరి పడేలోపు అపార్టుమెంటు కమిటీలు ఏడాది ఖర్చుల పట్టిక రాసుకుంటాయి. అందులో గడ్డిమందు వరసను కొట్టేయించి, రెండు మూరల పట్టీని తీర్మానంలో రాయించి, ఏరుకున్న గింజలు మనమే చల్లాలి. కత్తెర పట్టుకుని వచ్చే తోటమాలికి ఈ పట్టీ జోలికి పోవద్దని ముందే చెప్పి, ఎందుకో కూడా చెప్పాలి.